పట్టు నుంచి విడుపు దాకా: 2027 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని కళ్లు చెడకుండా చూడటం ఎలా

1980 ఫిబ్రవరి 16, శనివారం. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఆ మధ్యాహ్నం వీధిలో మనిషి అలికిడి లేదు. మా నాయనమ్మ తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కి, పిల్లలందరినీ నడింట్లో కూర్చోబెట్టింది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి రోజూ నేల మీద గుండ్రంగా పడే వెలుగు బిళ్లలు ఆ రోజు ఒక పక్క కొరికిన అరిసెల్లా మారాయి. తర్వాత కొడవళ్లలా సన్నబడ్డాయి. అన్నీ ఒకే వైపు తిరిగిన పది పన్నెండు చిన్న కొడవళ్లు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. మూడు ముప్పావు దాటాక అవి ఒక్కసారిగా ఆరిపోయాయి. బయట వేపచెట్టు మీదికి కాకులు గోలగా వచ్చి చేరాయి. కొట్టంలో ఆవు అరిచింది. రెండు నిమిషాల తర్వాత కొడవళ్లు మళ్లీ వెలిగాయి, ఈసారి అటు వైపు తిరిగి.

అదే సమయంలో హైదరాబాదుకు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ వేధశాలలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శాస్త్రవేత్తలు ఆ రెండు నిమిషాల కోసం పరికరాలు పట్టుకుని నిలబడ్డారు. మేము ఆ గ్రహణం నీడ కిందే ఉండి తలుపులు వేసుకున్నాం. నాయనమ్మ మీద నాకు కోపం లేదు. మమ్మల్ని కాపాడాలనే ఆవిడ ఆ పని చేసింది. కాపాడుకోవలసినవి కళ్లని, వాటిని కాపాడుకుంటూనే ఆకాశం చూడొచ్చని ఆవిడకు చెప్పేవారు లేరు, అంతే. ఆ తర్వాత నేను సంపూర్ణ గ్రహణాన్ని కళ్లారా చూడటానికి 44 ఏళ్లు పట్టింది. 2024 ఏప్రిల్ 8న, అమెరికాలోని డాలస్‌లో, బంధువుల ఇంటి పెరట్లో చూశాను.

ఇక 2027 ఆగస్టు 2, సోమవారం వస్తోంది. గరిష్ఠంగా 6 నిమిషాల 23 సెకన్ల సంపూర్ణ గ్రహణం. నేల మీద నిలబడి చూడగలిగే ఇంత నిడివి గ్రహణం మళ్లీ 2114 దాకా లేదు. దీనికి మీరు ఎలా సిద్ధం కావాలో నాకు తెలిసినంత వరకు వరసగా చెబుతాను.

ముందు చోటు ఖాయం చేసుకోండి

సంపూర్ణ గ్రహణం భూమి మీద ఒక సన్నని పట్టీలోనే కనిపిస్తుంది. ఈసారి ఆ పట్టీ వెడల్పు అత్యధికంగా సుమారు 258 కిలోమీటర్లు. అట్లాంటిక్ సముద్రంలో మొదలై, స్పెయిన్ దక్షిణపు అంచు, మొరాకో ఉత్తరపు కొస, అల్జీరియా, ట్యునీసియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియా మీదుగా వచ్చి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఆ రోజు సాయంత్రం పాక్షిక గ్రహణం మాత్రమే, అదీ కొద్ది భాగమే.

"పట్టీకి దగ్గర్లో 99 శాతం గ్రహణం కనిపిస్తుందట, అది చాలదా?" అని చాలామంది అడుగుతారు. చాలదు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా, అంటే సంపూర్ణ గ్రహణంలో కిరీటంలా కనిపించే తెల్లని వెలుగు, సూర్యబింబం కంటే సుమారు పది లక్షల రెట్లు మసక. బింబంలో ఒక్క శాతం మిగిలినా దాని వెలుగు కరోనాకు పదివేల రెట్లు. ఇక కరోనా ఎక్కడ కనిపిస్తుంది? చీకటి పడదు, నక్షత్రం రాదు, గ్రహణ కళ్లద్దాలు తీయడానికి వీలే ఉండదు. 99కీ 100కీ మధ్య తేడా ఒక శాతం అనుకోకండి. అది పగటికీ రాత్రికీ ఉన్న తేడా. అందుకే హోటలు గది అగ్గువగా దొరికిందని పట్టీ బయట దిగకండి. ఈజిప్టుకే వెళ్తున్నారనుకోండి. కైరో పట్టీలో లేదు. అస్వాన్ కూడా లేదు. లక్సర్ ఉంది, అదీ దాదాపు పట్టీ నడిమధ్యలో.

నన్ను అడిగితే మొదటి మాట లక్సరే. కారణం మబ్బు లేకపోవడం. గ్రహణాల వెంట తిరిగేవాళ్లు ముందు చూసేది నిడివిని కాదు, ఆకాశాన్ని. 2009 జూలై 22 గ్రహణం గుర్తుందా? సూరత్, భోపాల్, వారణాసి, పట్నా మీదుగా పోయింది. నడి వానకాలం. బీహారులోని తారేగనా చూడటానికి చాలా మంచి చోటని ఊరంతా జనం చేరితే, అక్కడ మబ్బు కమ్మేసింది. వారణాసిలో ఉన్నవారు మాత్రం చూడగలిగారు. 1995 అక్టోబరు 24న రాజస్థాన్‌లో ఎంతో హాయిగా కనిపించిందంటే, అప్పటికి వానలు వెనక్కి పోవడమే ముఖ్య కారణం. ఇంకో ముచ్చట. 2027 గ్రహణం ఆ 2009 గ్రహణానికి స్వయానా చెల్లెలు. 18 ఏళ్ల 11 రోజులకు ఒకసారి వచ్చే సారోస్ చక్రంలో రెండూ ఒకే కుటుంబానివి. అక్కను మబ్బుల్లో పోగొట్టుకున్నవాళ్లకు ఆగస్టు నెల లక్సర్ ఆకాశంలో చెల్లెలు కనిపించే అవకాశం చాలా ఎక్కువ. అక్కడ ఆ నెలలో వాన దాదాపు ఉండదు.

లక్సర్ తర్వాత జిద్దా. అక్కడ దాదాపు ఆరు నిమిషాలు ఉంటుంది. జిద్దాలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. వాళ్లు విమానం ఎక్కనక్కరలేదు, మేడ ఎక్కితే చాలు. సముద్రపు తేమ, దుమ్ము వల్ల ఆకాశం లక్సర్ అంత తేటగా ఉండకపోవచ్చు, అయినా అది పెద్ద అడ్డంకి కాదు. సౌదీలో వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో బయటి పనులు చేయించకూడదన్న నియమం ఉంది. సంపూర్ణ గ్రహణం సరిగ్గా ఆ వేళలోనే, ఒకటిన్నర ప్రాంతంలో వస్తుంది. కూలి పనుల్లో ఉన్న మనవాళ్లకు కూడా తల ఎత్తి చూసే వీలు దొరుకుతుంది. కావలసింది సరైన కళ్లద్దాలు మాత్రమే. అక్కడ బంధువులున్నవారు ఇక్కడి నుంచి నాలుగు జతలు పంపండి. దీన్ని చాలా గట్టిగా కోరుతున్నాను.

ఐరోపాలో ఉన్నవాళ్లకు స్పెయిన్ కొసన ఉన్న తరీఫా లాంటి ఊళ్లు అనువు. అక్కడ నాలుగు నిమిషాలకు పైగా, ఉదయం పూట, సూర్యుడు తూర్పు వైపు ఉండగా కనిపిస్తుంది.

ప్రయాణం గురించి రెండు మాటలు

గదులు, టికెట్లు సంవత్సరం ముందే చూసుకోండి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత ఇంకా ఆరు నెలలు మిగిలేలా ఉండాలి. వీసా సంగతి ఆ దేశపు రాయబార కార్యాలయం దగ్గర నేరుగా కనుక్కోండి. నియమాలు మారుతుంటాయి. కైరో నుంచి లక్సర్‌కు విమానాలు, రాత్రి రైళ్లు ఉన్నాయి. ఏది ఎక్కినా గ్రహణానికి కనీసం రెండు రోజుల ముందే లక్సర్‌లో దిగండి. ఆ రోజు ఉదయం చేరుకుంటాంలే అనుకుంటే, ఒక్క రైలు ఆలస్యంతో జన్మలో ఒకసారి వచ్చే అవకాశం చేజారుతుంది.

ముందుగా దిగితే ఇంకో లాభం. ముందు రోజు సరిగ్గా అదే వేళకు మీరు నిలబడబోయే చోటుకు వెళ్లి సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకోవచ్చు. లక్సర్‌లో అప్పుడు సూర్యుడు దాదాపు నడినెత్తిన, క్షితిజం నుంచి 82 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నిలబడి చూస్తే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. ఒక చాప, తలకింద మడతపెట్టిన తువ్వాలు తీసుకెళ్లండి. పడుకుని చూడటమే సుఖం. వయసు పైబడినవారికి వెనక్కి వాలే కుర్చీ ఉండాలి.

ఎండను తక్కువ అంచనా వేయకండి. ఆగస్టులో లక్సర్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. రామగుండం, రెంటచింతల మే నెల ఎండ ఎరిగినవారికి నేను వేరే చెప్పక్కరలేదు. పాక్షిక దశ సంపూర్ణానికి సుమారు గంటన్నర ముందు మొదలవుతుంది. గంటన్నర ఎండలో పడుకోవలసిన పని లేదు. నీడలో కూర్చుని అయిదు పది నిమిషాలకోసారి బయటికి వచ్చి చూసి వెళ్లండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొడి, గొడుగు, పొడుగు చేతుల నూలు చొక్కా ఉంచుకోండి. గర్భిణులు బయటికి రావచ్చా అని తప్పకుండా అడుగుతారు. గ్రహణం వల్ల కడుపులోని బిడ్డకు ఏ హానీ లేదు. ఆ ఎండ వల్ల మాత్రం తల్లికి ప్రమాదం ఉంది. కాబట్టి నీడ, నీళ్లు, వైద్యురాలి సలహా. అంతవరకే. ఇంట్లో దర్భలు వేసుకుంటారా, గ్రహణ స్నానం చేస్తారా అన్నది మీ ఇష్టం. అవి ఆకాశం చూడటానికి అడ్డం కావు.

కళ్లద్దాలు

ఇక్కడ ఒక్క పొరపాటు కూడా చేయకూడదు. కంటి వెనక ఉండే రెటీనా పొరకు నొప్పి తెలియదు. సూర్యుణ్ణి నేరుగా చూసినప్పుడు అక్కడ కాలుతున్నా మనకు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత, చాలామందికి మర్నాడు పొద్దున, చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. ఎదుటి మనిషి ముఖం కనపడదు, చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. దీనికి ఖచ్చితమైన మందు లేదు. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. మామూలు రోజున సూర్యుణ్ణి చూడబోతే కళ్లు వాటంతటవే మూసుకుంటాయి. గ్రహణం రోజున వెలుగు తగ్గడం వల్ల, చూడాలన్న కోరిక వల్ల తెరుచుకునే ఉంటాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

కొనవలసినవి ఐఎస్‌ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయే గ్రహణ కళ్లద్దాలు. ఆ అంకె ఎవరైనా అచ్చు వేయవచ్చు. కాబట్టి అంకెను మాత్రమే నమ్మకండి. ప్లానెటేరియంలు, సైన్సు ప్రచార సంస్థలు, పేరున్న టెలిస్కోపు దుకాణాల నుంచి తెచ్చుకోండి. తెచ్చాక ఇంట్లో ఇలా పరీక్షించండి. పెట్టుకుని గదంతా చూడండి. ఏమీ కనపడకూడదు. ట్యూబులైటు కనపడకూడదు, టీవీ కనపడకూడదు. ఫోను టార్చి దగ్గరగా పెట్టి చూస్తే మహా అయితే చిన్న మసక చుక్క కనిపించాలి. కిటికీలోంచి వీధి కనిపించిందంటే ఆ జత పనికిరాదు. తర్వాత వాటిని వెలుగుకు అడ్డంగా పట్టుకుని గీతలు, సూదిబెజ్జాలు, అట్ట నుంచి పొర ఊడిన చోట్లు ఉన్నాయేమో చూడండి. ఒక్కటి ఉన్నా కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. ఇంకొకరు తీసి వాడకుండా ఉంటారు.

చూపు అద్దాలు ఉన్నవారు వాటి మీద వీటిని పెట్టుకోవాలి. చిన్న పిల్లలకు అట్ట కళ్లద్దాలు జారిపోతాయి. వెనక రబ్బరు పట్టీ కుట్టండి, లేదా ఒక కాగితపు పళ్లెంలో కళ్లద్దాలు పట్టేంత కోసి అతికించండి. పళ్లెం ముఖమంతా కప్పుతుంది కాబట్టి పక్కల నుంచి తొంగి చూడటం కుదరదు.

మన ఇళ్లలో పాతకాలం నుంచి వాడుతున్న పద్ధతులు చాలా ఉన్నాయి. మసిబట్టిన గాజుముక్క, ఎక్స్‌రే ఫిల్ము, పాత ఫోటో నెగెటివ్, చలువ కళ్లద్దాలు, సీడీ బిళ్ల. వీటిలో ఏదీ వాడకండి. ఇవి వెలుగును తగ్గించినట్టు కనిపిస్తాయి, కానీ కంటికి కనపడని పరారుణ కిరణాలను వదిలేయవచ్చు. వెలుగు తగ్గడం వల్ల కనుపాప ఇంకా పెద్దదై, ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. పళ్లెంలో పేడనీళ్లో పసుపునీళ్లో పోసి అందులో నీడ చూడటం కూడా క్షేమం కాదు. నీటి మీద తళుక్కున వచ్చేది కూడా సూర్యుడే. వెల్డింగు అద్దం అయితే 14 నంబరుది వాడవచ్చు. మెకానిక్ షెడ్డులో మామూలుగా దొరికేవి చాలావరకు అంతకంటే పల్చనివి. నంబరు చదవకుండా అరువు తేకండి.

బైనాక్యులర్, టెలిస్కోపు ఉంటే వాటికి ముందు వైపు, అంటే ఆకాశం వైపు ఉన్న పెద్ద అద్దాలకు సౌర ఫిల్టరు బిగించాలి. గ్రహణ కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడటం మాత్రం ఎప్పటికీ చేయకండి. కటకాలు పోగుచేసిన వేడి ఆ పల్చటి పొరను రెప్పపాటులో కరిగిస్తుంది.

ఎప్పుడు తీయాలి, ఎప్పుడు పెట్టాలి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకోగలిగితే, ఇదే గుర్తుంచుకోండి.

మన పంచాంగాల్లో గ్రహణానికి అయిదు ఘట్టాలు రాస్తారు: స్పర్శ, సమ్మీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. స్పర్శ అంటే చంద్రుడు బింబాన్ని తాకడం. సమ్మీలనం అంటే బింబం పూర్తిగా మూసుకోవడం. ఉన్మీలనం అంటే మళ్లీ మొదటి వెలుగు తెరుచుకోవడం. మోక్షం అంటే పూర్తి విడుపు. కళ్లద్దాలు లేకుండా చూడదగింది సమ్మీలనానికీ ఉన్మీలనానికీ మధ్య మాత్రమే. దానికి ముందు కళ్లద్దాలు, దాని తర్వాత కళ్లద్దాలు. పంచాంగం చూసే ప్రతి ఇంట్లోనూ ఈ మాటలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని పట్టు స్నానానికి, విడుపు స్నానానికి వాడుకున్నాం. ఇప్పుడు కళ్ల కోసం కూడా వాడుకోవచ్చు. పంచాంగంలో ఉండే సమయాలు మాత్రం ఇక్కడి ఊళ్లవి. మీరు నిలబడే చోటుకు సెకన్లతో సహా సమయాలను ఇంటర్నెట్‌లోని గ్రహణ పటాల నుంచి రాసుకోండి. లక్సర్‌లో సమ్మీలనం అక్కడి వేసవి సమయం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట దాటిన రెండు మూడు నిమిషాలకు. మన గడియారంలో మూడున్నర దాటాక.

సమ్మీలనం అయిందని ఎలా తెలుస్తుంది? కళ్లద్దాల్లోంచి చూస్తుంటే నారింజ రంగు గీత సన్నబడి, తునిగి, చివరి చుక్క కూడా ఆరిపోతుంది. కళ్లద్దాల్లో పూర్తి చీకటి. అప్పుడు తీయండి. సెకను ముందు వద్దు.

ఎప్పుడు పెట్టుకోవాలో తెలుసుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే ఆ దృశ్యం నుంచి చూపు తిప్పుకోబుద్ధి కాదు. దీనికి నేను ఒక ఉపాయం చెబుతాను. ఫోనులో మీ గొంతే రికార్డు చేసుకోండి. సమ్మీలనం దగ్గర "తీయండి" అని, మధ్యలో "చుట్టూ చూడండి" అని, ఉన్మీలనానికి పదిహేను సెకన్ల ముందు "కళ్లద్దాలు చేతిలోకి" అని, అయిదు సెకన్ల ముందు "పెట్టండి" అని. మధ్య మధ్య నిశ్శబ్దం సరిగ్గా కొలిచి పెట్టుకోండి. ఇంట్లో అందరూ కలిసి డాబా మీద రెండుసార్లు సాధన చేయండి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఆ రోజు చెప్పకుండానే చేతులు లేస్తాయి. డాలస్‌లో మేము అలాగే చేశాం. మా అక్క మనవరాలికి ఏడేళ్లు. "పెట్టండి" అని వినగానే మా అందరికంటే ముందు తనే పెట్టుకుని, పక్కనున్న తాతగారి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ గంటన్నర, ఆ ఆరు నిమిషాలు

మొదటి గంట నెమ్మదిగా సాగుతుంది. పెద్దగా మార్పు తెలియదు. ఒక చెట్టు కిందికి వెళ్లి నేల మీద చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా కొడవలి అయి ఉంటుంది. ఇంటి నుంచి బూందీ గరిటె ఒకటి తీసుకెళ్తే తెల్ల కాగితం మీద వందల కొడవళ్లు ఆరబోయవచ్చు.

బింబంలో ముప్పాతిక మూసుకున్నాక వెలుగు స్వభావం మారుతుంది. సాయంత్రపు బంగారు రంగు కాదు. మధ్యాహ్నమే, కానీ ఎవరో దీపం వత్తి తగ్గించినట్టు, ఉక్కు రంగులో ఉంటుంది. మీ చేతి నీడ చూడండి. వేళ్ల మీది వెంట్రుకల నీడలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఎండ చురుకు తగ్గుతుంది, గాలి మారుతుంది. పది నిమిషాలుందనగా అందరూ చాపల మీదికి చేరాలి. నీళ్లు తాగడం, పిల్లల్ని మూత్రానికి తీసుకెళ్లడం అంతకు ముందే కానిచ్చేయండి.

పక్కనే నేల మీద ఒక తెల్ల దుప్పటి పరచండి. చివరి నిమిషంలో దాని మీద సన్నటి నీడల అలలు, చెరువు అడుగున ఎండ కదిలినట్టు, పరుగెత్తవచ్చు. ప్రతిసారీ కనపడవు. పడమటి దిక్కున ఆకాశం నీలిసిరాలా నల్లబడి మీదికి వస్తుంది. అది చంద్రుడి నీడ. బింబం చివరి అంచు చంద్రుడి కొండల మధ్య పూసల్లా తునుగుతుంది. వీటిని బెయిలీ పూసలంటారు. ఆఖరి పూస ఒక్కటి మిగిలి వజ్రపుటుంగరంలా మెరుస్తుంది. ఇంకా కళ్లద్దాలు తీయకండి. ఆరిపోయాక తీయండి.

అక్కడ కనిపించేది ఫోటోల్లో చూసినట్టు ఉండదు. నల్లటి నలుపు, దాని చుట్టూ ముత్యపు తెలుపు పోగులు నాలుగు వైపులా సాగి ఉంటాయి. అంచున గులాబీ రంగు నిప్పురవ్వలు ఒకటి రెండు కనిపించవచ్చు. అవి సూర్యుడి నుంచి లేచే జ్వాలలు. 1868 ఆగస్టు 18న ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో నిలబడి చూసినవి అవే. ఆ గ్రహణంలో పట్టుబడిన ఒక పసుపు వర్ణరేఖే (వెలుగును రంగులుగా విడదీసినప్పుడు కనిపించే గీత) తర్వాత హీలియం అనే కొత్త మూలకం దగ్గరికి దారి చూపింది. అదే రోజు మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఈ గ్రహణం కోసమే మకాం వేశారు. గ్రహణం చూడటం మనకు పరాయి విద్య కాదు.

మధ్యలో ఒక్కసారి చూపు దించి చుట్టూ చూడండి. నాలుగు దిక్కులా సూర్యాస్తమయం ఉంటుంది. సూర్యుడికి చాలా దగ్గర్లో శుక్రుడు వెలుగుతుంటాడు, కొంచెం దూరంగా తూర్పు పక్కన గురుడు. తర్వాత మళ్లీ పైకి చూడండి. ఆరు నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది, ఒక్క శ్వాసలో అయిపోతుంది.

ఫోటోల గురించి

డాలస్‌లో మాకు మూడు ముప్పావు నిమిషాలకు పైగా దక్కింది. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి, సరైన సమయానికి దారి ఇచ్చాయి. అందులో దాదాపు ఒక నిమిషం నేను కెమెరా మీటలతో గడిపాను. వచ్చిన ఫోటో మసకది. ఆ నిమిషం మళ్లీ రాదు. అందుకని మొదటిసారి చూసేవారికి నా సలహా ఇది. ఫోనును ఒక స్టాండు మీద పెట్టి, ఆకాశం వైపు కాకుండా మీ కుటుంబం వైపు తిప్పి, అయిదు నిమిషాల ముందే వీడియో నొక్కి వదిలేయండి. చీకటి పడటం, మీవాళ్ల ముఖాలు, వాళ్ల నోటి నుంచి వచ్చే మాటలు అందులో ఉంటాయి. కరోనా ఫోటోలు తీసేవాళ్లు వేలమంది ఉన్నారు. మీ అమ్మగారి ముఖం తీసేవారు మీరొక్కరే. పాక్షిక దశలో ఫోనుతో సూర్యుణ్ణి తీయాలంటే కటకం ముందు ఫిల్టరు పెట్టండి, తెర మీదే చూడండి.

వెళ్లలేనివారికి

హైదరాబాదులోనో విజయవాడలోనో తిరుపతిలోనో ఉండి ఆ సాయంత్రం పాక్షిక గ్రహణం చూసేవారు కళ్లద్దాలు ఒక్క క్షణం కూడా తీయకూడదు. మనకు సమ్మీలనమే లేదు. 2019 డిసెంబరు 26న వచ్చినట్టు వలయాకార గ్రహణమైనా అంతే, చుట్టూ నిప్పు ఉంగరం మిగిలే ఉంటుంది.

ఆగస్టు కాబట్టి మబ్బు పట్టే అవకాశమే ఎక్కువ. మబ్బు చాటు నుంచి సూర్యుడు మసకగా కనిపించినా కళ్లద్దాలు లేకుండా చూడకండి. ఎండ కాస్తే ఒక సులువైన మార్గం ఉంది. చిన్న అద్దం తీసుకుని దాని మీద, మధ్యలో చిటికెనవేలి గోరంత చిల్లు పెట్టిన కాగితం అతికించండి. దాన్ని కిటికీలో పెట్టి ఎండను పది మీటర్ల దూరంలో చీకటిగా ఉన్న గోడ మీదికి తిప్పండి. అరచేయంత సూర్యబింబం గోడ మీద పడుతుంది, కొరికిన చోటుతో సహా. బడి పిల్లలందరూ ఒకేసారి చూడొచ్చు. అద్దంలోకి మాత్రం ఎవరూ తొంగి చూడకుండా ఒక పెద్దవారు దగ్గర నిలబడాలి. మా పెంకుటిల్లు 1980లో చేసింది ఇలాంటి పనే.

విడుపు తర్వాత

రెండో వజ్రపుటుంగరం రాగానే అందరూ లేచి బండ్ల వైపు పరుగెత్తుతారు. మీరు వెళ్లకండి. దారులు గంటలకొద్దీ నిండిపోతాయి. నీడలో కూర్చుని, నీళ్లు తాగి, కళ్లద్దాలతో మోక్షం దాకా చూడండి. చూసింది ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లల చేత బొమ్మ గీయించండి. మర్నాటికల్లా జ్ఞాపకం ఫోటోలతో కలిసిపోతుంది.

మర్నాడు పొద్దున ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒక్కో కన్ను మూసి గోడమీది క్యాలెండరు అంకెలు చదవమనండి. చూపు మధ్యలో మచ్చ, గీతలు వంకరగా కనిపించడం, రంగులు వెలిసినట్టు ఉండటం, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా రెటీనా వైద్యుల దగ్గరికి వెళ్లండి. గ్రహణం చూశామని సిగ్గుపడకుండా చెప్పండి.

కళ్లద్దాలు గీతలు పడకుండా ఉంటే ఒక కవరులో పెట్టి, పుస్తకాల మధ్య దాచండి. 2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణపు దారి లద్దాఖ్ ప్రాంతం మీదుగా పోతుంది. దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. బయలుదేరే ముందు మళ్లీ గదిలో పెట్టుకుని, ట్యూబులైటు కనపడటం లేదని చూసుకోండి.